మందు పడలేదా? మానేసే ముందు...

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏడింటి బ్యాచ్ అంటే ఆరున్నరకే సందడి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, పైథాన్, డేటా సైన్స్ ఫ్లెక్సీల కింద పిల్లలు నిలబడే ఇడ్లీ తినేసి, జెరాక్సు మెటీరియల్ చంకలో పెట్టుకుని పరుగులు తీస్తుంటారు. ఆ వేళకు హాస్టల్ గదిలో దుప్పటి ముసుగు తీయలేక పడి ఉన్న ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. అలారం మోగుతూనే ఉంది. రూమ్మేట్ ‘లేవరా’ అని కాలితో తట్టి వెళ్లిపోయాడు. కుర్రాడిది బద్ధకం కాదు. రాత్రి పదకొండింటికి వేసుకున్న ఒలాంజపైన్ మాత్ర మత్తు ఇంకా దిగలేదు.

రెండు నెలల కిందట చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నట్టుందని, అందరూ తననే చూస్తున్నారని భయపడి పంజాగుట్టలో డాక్టరుకు చూపించుకున్నాడు. మందుతో ఆ మాటలు ఆగాయి. కానీ పొద్దున పది దాకా తల బరువు, ఎప్పుడూ ఆకలి, పాత ప్యాంటు బిగుతు. ‘రాత్రి ఏమన్నా వేశావారా?’ అని పక్క మంచం వాడి వెటకారం. ఓ రాత్రి మాత్ర మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఏడింటి క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నాడు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, ఏమీ కాలేదు. ‘నా రోగమల్లా ఈ మందే’ అని తేల్చుకున్నాడు. మోసమంతా ఆ పది రోజుల్లోనే ఉంది. మందు మత్తు కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. జబ్బు వారాలో నెలలో ఆగి తిరిగి వస్తుంది. ఆ ఎడం వల్లే మానేయడానికీ మళ్లీ చెవుల్లో మాటలు వినపడటానికీ సంబంధం ఎవరికీ తట్టదు.

అతనికి కావాల్సింది చాలా చిన్న మార్పు. అడిగి ఉంటే డాక్టరు ఆ మాత్రను పదకొండింటికి కాకుండా ఎనిమిదింటికి వేసుకొమ్మనేవారు, లేదంటే మోతాదు తగ్గించేవారు, అదీ కాకపోతే మందు మార్చేవారు. ఈ మాట చెప్పడానికి డాక్టరుకు అర నిమిషం పడుతుంది. అడగడానికే నోరు రాలేదు.

ఇలా మధ్యలో మానేసేవాళ్లు మన దగ్గరే ఉన్నారనుకోనక్కర్లేదు. అమెరికాలో, ఇలా లేని మాటలు వినిపించే స్కిజోఫ్రీనియా జబ్బున్న సుమారు 1,500 మందితో జరిగి 2005లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో, మొదలుపెట్టిన మందును 18 నెలల్లోపే ఆపేసినవారు 74 శాతం. కొందరికి మందు పనిచేయలేదు, కొందరు దాని ఇబ్బందులు తట్టుకోలేకపోయారు, ఎక్కువమంది ‘ఇక నాకొద్దు’ అన్నారు. డాక్టర్లు దగ్గరుండి చూసుకున్నచోట పరిస్థితి ఇది. మన దేశంలో అయితే డాక్టరు దాకా వచ్చేవాళ్లే తక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఇన్ని గడపలు దాటి వచ్చిన ఆ కొద్దిమందినీ నోరు ఎండటానికీ, నడుము చుట్టుకొలతకీ పోగొట్టుకోవడం అన్యాయం.

ఈ మత్తు ఎక్కడిది?

మాత్రకు మన జబ్బు ఎక్కడుందో తెలియదు. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఒక ఇంటికి కరెంటు ఆపాలని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకితే వీధంతా చీకటైనట్టు, మెదడులో ఒకచోట చేయాల్సిన పని నాలుగుచోట్ల చేస్తుంది. జలుబుకు అవిల్ వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది కదా, అది హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి. ఒలాంజపైన్, క్వెటియాపైన్, మిర్టాజపైన్ కూడా ఆ హిస్టమిన్‌నే అడ్డుకుంటాయి. నిద్రా ఆకలీ అందుకే. అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులతో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, అక్షరాలు మసకబారతాయి. ఒంట్లో సెరటోనిన్ ఎక్కువగా ఉండేది పేగుల్లోనే. అందుకే సెరటోనిన్ మీద పనిచేసే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్‌లను డిప్రెషన్‌కు మొదలుపెట్టిన వారంలో మనసు కంటే ముందు కడుపు తిప్పుతుంది. ఆ వికారం చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మందు గుణం కనిపించడానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ముందు బాధ, తర్వాత గుణం. ఈ వరుస ముందే చెప్పకపోతే మూడో రోజుకే స్ట్రిప్పు డస్ట్‌బిన్‌లోకి పోతుంది.

అసలు ఏది గుణం, ఏది దుష్ప్రభావం అన్నది కూడా మనం దేనికోసం మందు వాడుతున్నామన్నదాన్ని బట్టే. అమీర్‌పేటలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అనేది ఈ ఊళ్లో పాత వెటకారం. మానసిక వైద్యశాల అంటే అదేనని అందరికీ తెలుసు. దానికి ఇరుగుపొరుగుగా ఛాతీ ఆస్పత్రి ఉంది, టీబీ రోగులకు పేరుపడ్డది. వైద్య చరిత్రలో కూడా ఈ రెండూ ఇరుగుపొరుగులే. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో టీబీకి ఐప్రొనయజిడ్ అనే కొత్త మందు ఇస్తే, మంచం పట్టినవాళ్లు లేచి హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. ఆ హుషారు టీబీ డాక్టర్ల లెక్కలో దుష్ప్రభావం. డిప్రెషన్ మందుల్లో తొలి తరం దాంట్లోంచే పుట్టింది. తర్వాత అది కాలేయాన్ని దెబ్బతీస్తోందని తేలి వాడకం ఆపేశారు. 1952లోనే పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్‌ను మానసిక రోగులకు వాడారు. దాని సంగతి మొదట గమనించినవాడు అన్రీ లబోరీ అనే నౌకాదళ సర్జన్. ఆపరేషన్‌కు ముందు రోగి కుదురుగా ఉండాలని వెతుకుతుంటే దొరికిన మందు అది.

దయ్యం కాదు, మందే

కొన్ని ఇబ్బందులు ఓపిక పడితే పోతాయి. కొన్నింటికి ఓపిక పట్టకూడదు.

హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా వయసులో ఉన్న మగపిల్లల్లో, ఉన్నట్టుండి మెడ ఒక పక్కకు మెలితిరిగిపోవచ్చు. కళ్లు పైకి పోయి నల్లగుడ్డు కనపడదు. నాలుక బయటికి తోసుకొస్తుంది, మాట రాదు. చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. రాత్రిపూట ఇది జరిగితే ఇంట్లో మొదట వెతికేది తాయెత్తు కట్టేవాణ్ని. గాలి సోకిందంటారు, నిమ్మకాయలు తెస్తారు. నిజానికి ఇది మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని మందు హఠాత్తుగా అడ్డుకోవడం వల్ల కండరాలు బిగుసుకోవడం. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లి, వాడుతున్న మందు స్ట్రిప్పు చూపిస్తే, ప్రొమెథజైన్ లాంటి ఒక్క ఇంజెక్షన్‌తో సాధారణంగా అరగంటలోపే మెడ చక్కబడుతుంది. ‘ఈ మందుతో ఇలా కావచ్చు, అయితే భయపడకుండా రండి’ అని ముందే ఒక మాట అనుంటే ఆ ఇంటికి ఆ రాత్రి నరకం తప్పేది. అంతకంటే పెద్ద నష్టం, ఆ తర్వాత ఆ కుటుంబం పదేళ్లపాటు ఏ సైకియాట్రిస్టు గడపా తొక్కకపోవడం.

ఇంకోటుంది, దాన్ని చూసి డాక్టర్లే పొరబడతారు. కూర్చోలేరు, నిలబడలేరు, కాలు నిలవదు, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంటారు. లోపల ఏదో తొలిచేస్తున్నట్టుంటుంది. దీన్ని అకతీజియా అంటారు. చూడటానికి జబ్బు ముదిరినట్టే ఉంటుంది కాబట్టి మోతాదు పెంచుతారు, దాంతో అది ఇంకా పెరుగుతుంది. ‘భయంగా ఉందా, లేక కాళ్లు ఊరుకోనివ్వడం లేదా?’ అన్న ఒక్క ప్రశ్న తేడా పట్టిస్తుంది. మోతాదు తగ్గించడం, ప్రొప్రనొలాల్ ఇవ్వడం లాంటి దారులున్నాయి. ఈ బాధ పడలేక చచ్చిపోదామనుకున్నవాళ్లున్నారు, కాబట్టి ‘అలవాటవుతుందిలే’ అని ఊరుకోవద్దు.

లామోట్రిజిన్, కార్బమజెపైన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే, క్లోజపైన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే, ఏ మందు వాడుతున్నా తీవ్ర జ్వరంతో ఒళ్లు కర్రలా బిగిసి మాట తడబడితే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. డిప్రెషన్ మందులతో తొలి వారాల్లో పాతికేళ్ల లోపు వారిలో కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2004లో మందు సమాచార పత్రంలో నల్ల గడి కట్టి హెచ్చరిక వేయించింది. ఆ హెచ్చరిక మొదట పిల్లల గురించి, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పెంచారు. అమీర్‌పేట హాస్టళ్ల నిండా ఉన్నది సరిగ్గా ఆ వయసువాళ్లే. మందు వద్దని కాదు, ఆ వారాల్లో పక్కన ఒక మనిషి ఉండాలని.

ఒళ్లు చేశాడంటే...

మన ఇళ్లలో ఒళ్లు చేశాడంటే కోలుకున్నట్టే లెక్క. నెలల తరబడి అన్నం ముట్టని పిల్లాడు ఒలాంజపైన్ మొదలుపెట్టాక రెండు ప్లేట్లు తింటుంటే తల్లికి ప్రాణం లేచొస్తుంది. ‘ఇప్పుడు నిండుగా ఉన్నావు నాన్నా’ అంటుంది. ఆ తల్లిని తప్పుపట్టలేం. కానీ తొలి నెలలోనే బరువు 5 శాతం పెరిగిందంటే, ముందుముందు ఇంకా బాగా పెరుగుతుందనడానికి అది గుర్తు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. అప్పుడే చెబితే దారులు చాలా ఉన్నాయి, 15 కిలోలు పెరిగాక తక్కువ. మందు మొదలుపెట్టే రోజున బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూసి రాసుకోవాలి. మూడు నెలలకు మళ్లీ చూడాలి, ఆ తర్వాత ఏటా. మన వాళ్లకు నడుము మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్తపడాలి. అరిపిప్రజోల్ లాంటి తక్కువ బరువు పెంచే మందుకు మారడం ఒక దారి. మెట్‌ఫార్మిన్ చేర్చడం ఇంకో దారి, దానికి మంచి ఆధారాలున్నాయి. హాస్టల్ మెస్సులో అన్నం తగ్గించి పప్పు పెంచుకోవడం మాత్రం డాక్టరు చేతిలో లేదు, ఆ మాటకొస్తే కుర్రాడి చేతిలోనూ లేదు. నోరు ఎండుతోందని రోజూ రెండు కూల్‌డ్రింకులు తాగడం మాత్రం మానుకోవచ్చు. మంచినీళ్లు గుక్కగుక్కగా తాగినా, చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా అదే ఉపశమనం.

ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం ఇంకోటి. డిప్రెషన్ మందుల్లో చాలావాటితో కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం మామూలే. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్ హార్మోను పెంచుతాయి. దాంతో నెలసరి ఆగిపోవచ్చు, పెళ్లికాని అమ్మాయికి కూడా రొమ్ముల్లో పాలు రావచ్చు. ఇప్పుడు కన్సల్టేషన్ గదిని తలచుకోండి. కుర్చీలో రోగి, పక్కన నాన్న, వెనక అత్తగారు. మాట్లాడేది నాన్నే: ‘అంతా బాగానే ఉంది సార్, నిద్ర పడుతోంది.’ కొత్తగా పెళ్లయిన అబ్బాయి నేల చూపులు చూస్తాడు. ‘మీరు రెండు నిమిషాలు బయట కూర్చోండి’ అని ఇంట్లోవాళ్లను పంపే డాక్టరు దొరికితే మీ అదృష్టం. దొరక్కపోతే ఆ మాట మీరే అడగాలి. నోరు పెగలకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. ఇదీ పరిష్కారం ఉన్న సమస్యే. పిల్లల్ని కనాలనుకునే వయసు అమ్మాయికి వాల్‌ప్రొయేట్ రాస్తే మాత్రం రెండోసారి అడిగి తీరాలి. గర్భంలో ఆ మందు పడితే పుట్టే ప్రతి పది మందిలో సుమారు ఒకరికి అవయవ లోపం వస్తుంది. బుద్ధి ఎదుగుదల మీద దెబ్బ అంతకంటే ఎక్కువమందికి.

లిథియంకు హైదరాబాద్ ఎండాకాలం పెద్ద పరీక్ష. బైపోలార్ జబ్బులో 1949 నుంచీ నిలబడ్డ మందు అది, ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని పేరుంది. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. మే నెలలో చెమటకు నీరు పోయినా, విరేచనాలైనా, ఉపవాసమున్నా, ఉప్పు పూర్తిగా మానేసినా లిథియం రక్తంలో పేరుకుపోతుంది. ఒంటినొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అదే చేస్తాయి. చాయ్ కప్పు పట్టుకున్న చేయి సన్నగా వణకడం లిథియంతో మామూలే. చాయ్ సాసర్లోకి ఒలికేంత వణికితే, నడక తూలితే, వాంతులైతే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. మామూలుగా చేయించే పరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర వేసుకోక ముందే. ల్యాబుకు చాలామంది మాత్ర వేసుకునే వెళతారు, లెక్క తప్పుతుంది.

కల్లు చెప్పిన పాఠం

ఉన్నపళంగా మానేస్తే ఏమవుతుందో తెలంగాణలో ఒకసారి ఊళ్లకు ఊళ్లకే తెలిసొచ్చింది. ఇక్కడ కల్తీ కల్లులో కలిపేది అల్‌ప్రజోలం, డైజపాం, క్లోరల్ హైడ్రేట్. 2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు పెరిగి సరఫరా ఆగగానే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రి కిటకిటలాడింది. నిద్రకనీ ఆందోళనకనీ డాక్టరు నాలుగు వారాలకు రాసిచ్చిన అల్‌ప్రజోలంను నాలుగేళ్లు మింగి, ఓ రోజు పంతం పట్టి మానేసినా ఒంట్లో జరిగేది అదే. అందుకే 2014 నుంచి ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. అమ్మిన షాపువాళ్లు కొన్నవారి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

‘సైకియాట్రీ మందులన్నీ మత్తుమందులే, అలవాటు పడిపోతారు’ అనే పెద్దాయన మాటలో నిజం ముఖ్యంగా ఈ కోవ మందుల వరకే. డిప్రెషన్ మందులకు ఆ యావ ఉండదు, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించదు. అలాగని వాటినీ టక్కున ఆపకూడదు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకులాంటి జలదరింపు, చిరాకు, పీడకలలు వస్తాయి. వీటిని చాన్నాళ్లు డాక్టర్లే తేలిగ్గా తీసుకున్నారు. బాధపడ్డవాళ్లు గొడవ చేశాకే 2019లో బ్రిటన్‌లోని సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ తన మాట మార్చుకుని, కొందరికి ఇవి తీవ్రంగానూ నెలల తరబడీ ఉండొచ్చని ఒప్పుకుంది. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ ప్రకారం మందు ఆపడం వల్లే ఇబ్బందిపడేది ప్రతి ఆరేడు మందిలో ఒకరు, తీవ్రంగా బాధపడేది సుమారు 35 మందిలో ఒకరు. అందరికీ వస్తుందని భయపెట్టడమూ తప్పే, ఎవరికీ రాదనడమూ తప్పే. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, చివరి చిన్న మోతాదుల దగ్గర ఇంకా మెల్లగా. మానేయాలనుకోవడం నేరం కాదు. ‘నాకు మానేయాలనుంది, ఎలా తగ్గిద్దాం?’ అన్న మాటకు కసురుకునే డాక్టరుంటే, మార్చాల్సింది ఆ డాక్టర్ని.

సెక్షన్ 22 మీదే

పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ఎదురుగా గానీ, మరెక్కడైనా గానీ, మందుల షాపులో మీకు దక్కేది ఏమిటో ఒకసారి చూడండి. పది మాత్రల స్ట్రిప్పులోంచి కత్తెరతో కత్తిరించిన ఆరు మాత్రల ముక్క. వెనక ఎర్ర గీత, చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో ‘వైద్యుడి చీటీ మీదే అమ్మాలి’ అన్న హెచ్చరిక. మందు పేరు సగం, తేదీ అవతలి ముక్క మీద. తయారీదారు రాసిన కాగితం ఏదీ చేతికి రాదు. చీటీ మీద 0-0-1. ఇక మిగిలింది ఫోను. అందులో వెతికితే తలనొప్పి నుంచి చావు దాకా అన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఏది వందలో ఒకరికో ఏది లక్షలో ఒకరికో తెలియకుండా.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 22వ సెక్షన్ ఏమంటుందంటే, ఇవ్వబోయే చికిత్స ఏమిటో, దానికి తెలిసిన దుష్ప్రభావాలేమిటో తెలుసుకోవడం రోగి హక్కు. ఆ సమాచారం రోగికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో ఉండాలి. అంటే సూర్యాపేట నుంచి వచ్చిన కుర్రాడికి తెలుగులో. ‘ఇవన్నీ చెబితే మందు మొదలే పెట్టరండీ’ అని డాక్టర్ల వాదన. ఓపీలో ఒక్కొక్కరికి దక్కేది ఐదు నిమిషాలు, వాళ్ల ఇబ్బందీ నిజమే. కానీ వాళ్లు చెప్పకపోతే రూమ్మేట్ చెబుతాడు, ఫోన్ చెబుతుంది. పరిష్కారం మాత్రం వాళ్లిద్దరూ చెప్పరు. డాక్టరు దొరకని వేళ టెలి మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడొచ్చు.

మందు ఇబ్బందిపెట్టిందని సర్కారుకు చెప్పే దారి కూడా ఒకటుందని చాలామందికి తెలియదు. క్లోజపైన్ సంగతే చూడండి. 1975లో ఫిన్లాండ్‌లో ఆ మందు వాడిన కొందరిలో తెల్లరక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయాయి. డాక్టర్లు కేసులు రాసి పంపారు కాబట్టే సంగతి బయటపడింది, చాలా దేశాలు దాన్ని పక్కన పెట్టాయి. 1988లో, ఏ మందుకూ లొంగని స్కిజోఫ్రీనియా రోగుల్లో 30 శాతం మందికి క్లోజపైన్‌తో గుణం కనిపించిందని తేలింది. క్లోర్‌ప్రొమజైన్ వాడినవారిలో అది 4 శాతమే. మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలన్న షరతు మీద మందు తిరిగొచ్చింది. ఫిర్యాదులు మందును చంపలేదు, ఎలా వాడాలో నేర్పాయి.

మన దేశంలో ఆ ఫిర్యాదులు చూసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. దాని కేంద్రాల్లో పంజాగుట్ట నిమ్స్ ఒకటి. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, ఆఫీసు వేళల్లో పనిచేస్తుంది. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. డాక్టరే నింపాలని లేదు. రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ నింపొచ్చు. పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. ఏ మందు, ఎందుకు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఇబ్బంది ఏ రోజున మొదలైంది, ఆపితే తగ్గిందా, పక్కన ఇంకేం మందులు వాడుతున్నారు అని రాయాలి. అదే కాగితానికి ఒక జెరాక్సు తీయించి డాక్టరు దగ్గరికి పట్టుకెళితే, ఐదు నిమిషాల ఓపీలో మూడు నిమిషాలు మిగులుతాయి.